కోపం మీద ఎండిన గింజలు

ఆ ఇంట్లో పొద్దున్నే నీళ్ళు కాగడానికి స్టవ్ వెలిగించనక్కర్లేదు. ఇల్లాలికి ఎవరో ఒకరు కోపం తెప్పిస్తే చాలు. ఆ పని ఎక్కువగా ఏడేళ్ళ కూతురే చేసేది. ఒక కాలికి సాక్సు వేసుకుని, రెండోదాని కోసం మంచం కింద దూరి, అక్కడ కనబడిన రబ్బరు బంతితో ఆడుకుంటూ ఉండిపోయేది. "బడి బస్సు నీకోసం ఆగుతుందనుకున్నావా?" అని తల్లి గొంతు లేచేసరికి, ఆమె పట్టుకున్న గిన్నెలో నీళ్ళు అంచుల దగ్గర సన్నగా బుడగలు కట్టేవి. అత్తగారు వచ్చి గిన్నె అందుకుని, "చాల్లే అమ్మాయ్, నాకు గోరువెచ్చగా ఉంటే సరిపోతుంది," అని స్నానానికి వెళ్ళిపోయేది.

కోపం వస్తే ఆమె అరచేతులు వేడెక్కేవి. పుట్టినప్పట్నుంచీ అంతే. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్న ఈ సంగతి దాచకుండా చెబితే, "మాది చలి ఇల్లండీ, పనికొస్తుంది," అన్నాడు పెళ్ళికొడుకు. అతను లిఫ్టులు బాగుచేసేవాడు. అంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్ళు లోపల్నుంచి తలుపులు బాదుతుంటే, బయట నిలబడి మెత్తగా కబుర్లు చెబుతూ పని కానిచ్చేవాడు. అతనికి కోపం వచ్చిందని విన్నవాళ్ళు లేరు. ఆమె బస్సు డిపోలో సీట్లకు కవర్లు కుట్టేది. మందపాటి రెక్సిను, విరిగే సూదులు, తల ఎత్తనివ్వని సూపర్‌వైజరు. వీధిలో అందరూ ఆమెను సీట్లావిడ అనేవాళ్ళు.

కిందటేడు వానలకు నది పొంగి వంతెన మూసేశారు. వాళ్ళ వీధి నుంచి ఊళ్ళోకి ఉన్న దారి అదొక్కటే. వీధి మొదట్లో కిరాణా కొట్టు ఆమె బావగారిది, అంటే భర్త అన్నయ్యది. భార్య పోయాక ఆయన ఒక్కగానొక్క కూతురితో కొట్టు మీది గదుల్లో ఉండేవాడు. వంతెన మూసిన మర్నాడే కొట్టు షట్టరు కిందికి దిగింది. తమ్ముడు సంచీ పట్టుకుని వెళ్తే, "అయిపోయిందిరా, గింజ లేదు," అన్నాడాయన. తమ్ముడు సంచీ మడిచి చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు.

"గట్టిగా అడిగారా?" అంది సీట్లావిడ.

"అన్నయ్య లేదన్నాక ఇంకేం అడుగుతాం?"

ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఎప్పటికప్పుడు తెచ్చుకోవడమే. కొట్టు కూతవేటు దూరంలో ఉంది, పైగా మనవాళ్ళది, ఇంట్లో దాచుకోవడం ఎందుకు అనుకునేవాళ్ళు. డబ్బాలో ఉన్న బియ్యం అడుగంటింది. గంజి రోజురోజుకీ పలచనైంది. అత్తగారు తనకు ఆకలి లేదని చెప్పి గోడవైపు తిరిగి పడుకునేది. ఒక మధ్యాహ్నం కూతురు తలుపు చాటున కూర్చుని సుద్దముక్క నములుతూ దొరికింది. మూతి తెల్లగా ఉంది. తల్లిని చూసి మింగేసింది.

వంతెన తెరిచిన రోజు సీట్లావిడ ఖాళీ టిఫిను డబ్బాతో డిపోకి బయల్దేరింది. డిపో క్యాంటీన్లో ఏదైనా దొరికితే కూతురికి తేవచ్చని ఆశ. కొట్టు ముందు లారీ ఆగి ఉంది. షట్టరు సగం ఎత్తి ఉంది. దాని కిందనుంచి కూలీలు వంగి బియ్యం బస్తాలు, గోధుమ బస్తాలు, పప్పు బస్తాలు ఒకటి తర్వాత ఒకటి మోసుకొచ్చి లారీలోకి విసురుతున్నారు. ఒక బస్తాకి చిల్లు పడి తెల్లటి బియ్యం రోడ్డు మీద గీత గీసుకుంటూ పోయింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"గింజ లేదన్నారు కదా బావగారూ," అంది ఆమె.

ఆయన తడబడలేదు. "ఇది హాస్టలు వాళ్ళదమ్మా. ముందే మాటిచ్చాను. మాట తప్పితే మార్కెట్లో మన పేరేం కాను? నువ్వూ ఉద్యోగం చేసేదానివే, నీకు తెలియనిదేముంది."

ఆమె చేతిలో ఉన్న టిఫిను డబ్బా మూత టప్పుమని ఎగిరి లారీ చక్రం కింద పడింది. నోరు తెరిస్తే ఏడుపు వస్తుందని ఆమెకు భయం. ఆ మనిషి ముందు ఏడవడం కన్నా నోరు మూసుకోవడం నయం అనుకుంది.

సాయంత్రం భర్తకు చెప్పింది. అతను నేల చూస్తూ, "పోనీలే. ఎలాగో గడిచిపోయింది కదా," అన్నాడు.

"ఎవరికి గడిచింది? నా కూతురు సుద్దముక్క తింది. మీ అమ్మ ఆకలిని మింగి పడుకుంది. మీకు గడిచిందేమో, నాకు గడవలేదు. ఇంకెప్పటికీ గడవదు కూడా." ఆమె చేతులు ఆనించిన చెక్క బల్ల మీద పదివేళ్ళ ముద్రలూ గోధుమ రంగులో దిగబడ్డాయి. "ఒక్కమాట చెబుతున్నాను వినండి. ఈ ఇల్లు ఇంకోసారి ఎవరి షట్టరు ముందూ నిలబడదు."

అలా మొదలైంది. మొదలు మాత్రం తలకిందులుగా మొదలైంది.

జీతం రాగానే వంతెన అవతలి మార్కెట్టుకు వెళ్ళి, అన్నీ ఒకేసారి కొనేసింది. ఆటో దిగి మెట్లెక్కేసరికి భర్త నడుం పట్టేసింది. గోధుమ బస్తా, బియ్యం బస్తా, చవకగా వస్తున్నాయని ఇంట్లో ఎవరూ ఎప్పుడూ తినని ఏవో ముతక గింజలు ఒక బస్తా. వాటిని స్నానాలగది గోడకు ఆనించి పేర్చి, పైన దుప్పటి కప్పింది. నెల తిరిగేసరికి గోధుమల్లో పురుగు లేచింది. గోడ చెమ్మకు బియ్యం బస్తా అడుగున బూజు పట్టి ముద్దకట్టింది. ముతక గింజలు మాత్రం చెక్కుచెదరలేదు.

"వాటిని పురుగు కూడా ముట్టుకోలేదు చూడు," అంది అత్తగారు. "పురుగుకున్న తెలివి కూడా మనకి లేకపోయింది."

పాడైన బియ్యం పారబోస్తుంటే సీట్లావిడకు ఒళ్ళు మండిపోయింది. తన మీద తనకే కోపం. ఆ చేతులతోనే గోధుమలు చాటలోకి ఎత్తి, పురుగులు ఏరుదామని కలియబెట్టింది. ఎక్కడి పురుగులు అక్కడ పొట్టులా రాలిపోయాయి. గింజల్లోని చెమ్మ సన్నటి ఆవిరై పైకి లేచింది. చాట చల్లారాక అత్తగారు ఒక గింజ పంటికింద పెట్టి కొరికింది. కటుక్కుమంది.

"ఇది ఎండటమంటే," అంది ఆవిడ. "అమ్మాయ్, ఇంకో చాటెడు పొయ్యనా, కోపం ఉందా, తగ్గిందా?"

"ఉంది," అంది కోడలు.

అప్పట్నుంచి పద్ధతి మారింది. ఒకేసారి కొనడం మానేశారు. వారం సరుకులకు వెళ్ళినప్పుడల్లా, తినేవాటిలోనే ఏదో ఒకటి రెండింతలు తెచ్చేవాళ్ళు. ఒక వారం పప్పు, ఒక వారం ఉప్పు, ఒక వారం నూనె. ఇంట్లో ఎండ ముఖం చూడని మూల ఒకటుంది, మెట్ల వైపు గది. భర్త అక్కడ గోడకు జానెడు దూరంగా, నేలకు జానెడు ఎత్తులో పలకలతో అలమర కొట్టాడు. గాలి ఆడాలని వెనక ఖాళీ వదిలాడు. డిపో క్యాంటీన్లో ఖాళీ అయిన పెద్ద రేకు డబ్బాలు ఆమె తెచ్చి కడిగి ఆరబెట్టింది. డబ్బా నింపి, మూత పెట్టి, మూత చుట్టూ కొవ్వొత్తి ముక్క ఆనించి అరచేత్తో ఒకసారి రుద్దేది. మైనం కరిగి సందుల్లోకి దిగి బిగుసుకునేది. కొత్త డబ్బా వెనక్కి, పాత డబ్బా ముందుకి. ఈ జరపడం కూతురి పని. అది తన రబ్బరు బంతిని కూడా ఒక డబ్బాలో పెట్టి మైనం వేయించుకుంది. ఎందుకే అంటే, "వరదొస్తే ఆడుకోవద్దా?" అంది.

టమాటా ముక్కలు, క్యారెట్టు ముక్కలు, ఆకుకూరలు, ఉల్లిపాయ చక్రాలు. ఆదివారం మధ్యాహ్నాలు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, చేతులు పైన ఆడిస్తూ కూర్చునేది సీట్లావిడ. ముక్కలు ముడుచుకుని చిన్నవై, చివరికి వంచితే విరిగేటట్టు ఎండిపోయేవి. చిక్కంతా కోపం ఒక్కోసారి సగంలో చల్లారిపోవడమే. మనిషి ఎంతకని మండుతుంది. వాన వెలిసి, చల్లగాలి వీచి, కూతురు వచ్చి మెడ చుట్టూ చేతులు వేస్తే అయిపోయింది, పళ్ళెంలో టమాటాలు మెత్తగా ఉండగానే చేతులు మామూలైపోయేవి.

అప్పుడు అత్తగారు గోడకు జారగిలబడి, ఎవరితోనో అన్నట్టు మొదలుపెట్టేది. "ఏమాటకామాటే చెప్పుకోవాలి. మా పెద్దాడు మాట మీద నిలబడే మనిషి. హాస్టలు వాళ్ళకి ఎంత నిక్కచ్చిగా ఉన్నాడో."

కోడలి దవడ బిగిసేది.

"మొన్న కనబడి అడిగాడు కూడా, మరదలు ఇంకా అదే మనసులో పెట్టుకుందా అని. ఆడవాళ్ళు చిన్న విషయాలు పట్టుకు వేలాడతారట."

పళ్ళెంలో టమాటాలు కరకరలాడేవి. ఒకసారి ఆవిడ మోతాదు మించి పొగిడితే, శనగలు ఒళ్ళోనే వేగిపోయి చిటపటా గదంతా ఎగిరాయి. ఆ సాయంత్రం అందరూ వాటినే ఏరుకుని తిన్నారు.

ఇలాంటప్పుడు ఆ పనికి అసలు అడ్డం భర్తే. పాపం, అతను అలవాటు కొద్దీ పక్కన కూర్చుని, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళతో మాట్లాడినట్టు మెత్తగా, "కాస్త ఊపిరి పీల్చుకో, అంతా సర్దుకుంటుంది," అనేవాడు. ఆమె చేతులు టక్కున చల్లబడేవి.

"నువ్వు అవతలికి పోరా," అనేది తల్లి. "ఇంకా పాలకూర ఉంది."

ఒక ఆదివారం అతను అవతలికి పోలేదు. ఎండిన ఉల్లి చక్రాలు డబ్బాలోకి ఎత్తుతూ మెల్లగా అడిగాడు. "నీకు అన్నయ్య మీద ఎంత కోపమో, నా మీద కూడా అంత ఉందా?"

"మీ మీదే ఎక్కువ," అంది ఆమె. "ఆయన బయటివాడు. అబద్ధం చెప్పాడు. మీరు నా పక్క మనిషి. అబద్ధమని తెలిసి కూడా సంచీ మడుచుకుని వచ్చారు."

"తెలిసి కాదు..."

"తెలుసు. షట్టరు సందులోంచి పప్పు వాసన వస్తోందని మీరే నాకు చెప్పారు."

అతను డబ్బా మూత పెట్టాడు. ఆమె మైనం రుద్దింది. ఆ డబ్బా మూత మైనంతో పాటు రేకు కూడా కరిగి అతుక్కుపోయింది. దాన్ని తర్వాత ఎవరూ తెరవలేకపోయారు.

మళ్ళీ వానలు వచ్చేసరికి అలమర నిండింది. తాగే నీళ్ళ క్యాన్లు మంచాల కిందికి చేరాయి. ఈసారి నది కిందటేటిలా వంతెన అంచున ఆగలేదు. వీధిలోకి వచ్చింది. కింది అంతస్తుల్లో నడుంలోతు నీళ్ళు. కరెంటు పోయింది. వీధి మొదట్లో కొట్టు మునిగింది. షట్టరు వంగి, బస్తాలు ఉబ్బి పగిలి, పప్పులూ చక్కెరా బురదలో కలిసిపోయాయి. గ్యాసు సిలిండరొకటి వీధి పొడుగునా తేలుతూ పోతుంటే పిల్లలు కిటికీల్లోంచి చూశారు.

సీట్లావిడ ఇంట్లో పొద్దున అన్నం, సాయంత్రం పప్పులో ఎండు ఆకుకూర. ఎవరూ ఆకలి లేదని గోడవైపు తిరగలేదు. అవసరం ఉన్న ఎదురింటికి, పక్కింటికి తాడు కట్టి బుట్టలో గింజలు పంపుతూనే ఉన్నారు. కూతురు తన డబ్బా మైనం గీకించుకుని బంతి బయటికి తీసింది.

రెండోనాటి మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తెరిస్తే బావగారు. చంకల దాకా తడిసి, వణుకుతూ ఉన్నాడు. ఆయన వెనక మెట్ల మీద ఆయన కూతురు గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఆ ఏడే పెళ్ళై వెళ్ళి, పురిటికి పుట్టింటికి వచ్చిందని వీధికంతా తెలుసు. నెలలు నిండకుండానే ఆ తెల్లవారుజామున ప్రసవమైందని ఎవరికీ తెలియదు. రెండో చేత్తో తువ్వాలు చుట్టిన మూటను గుండెకు హత్తుకుని ఉంది. ఆసుపత్రి వంతెనకు అవతల.

సీట్లావిడ తలుపు గడియ వదల్లేదు. ఇనప గడియ ఎర్రబడింది. ఆ మనిషి ముఖం చూస్తుంటే ఆమెకు రోడ్డు మీద గీత గీసుకుంటూ పోయిన తెల్లటి బియ్యం కనబడింది. ఇప్పుడు తలుపు వేసేసి, లోపల్నుంచి "గింజ లేదు" అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"పిన్నీ," అంది మెట్ల మీద ఉన్న పిల్ల. "ఇది చల్లబడిపోతోంది. నాకు పాలు పడలేదు. నిన్నట్నుంచి ఏమీ తినలేదు."

సీట్లావిడ పక్కకు జరిగి ఆ అమ్మాయిని చేయి పట్టి లోపలికి లాగింది. బావగారి కోసం తలుపు తెరిచి ఉంచిందే గానీ రమ్మనలేదు. ఆయన తనే వచ్చాడు.

తువ్వాలు విప్పి చూస్తే ఆడపిల్ల. అరచెయ్యంత ఉంది. చర్మం నీలంగా, ఏడవడానికి కూడా ఓపిక లేకుండా ఉంది. అత్తగారు మునిమనవరాలి పాదం పట్టుకుని చూసి, కోడలి వైపు తిరిగింది. ఏం చెయ్యాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. సీట్లావిడ కిటికీ పక్కన కూర్చుని రెండు చేతులూ దోసిలి పట్టింది.

"ఆగు," అని అత్తగారు తన మోచెయ్యి ఆ దోసిట్లో పెట్టి, పసిపిల్ల స్నానం నీళ్ళు చూసినట్టు చూసింది. "బాబోయ్, ఇలా అయితే కాలిపోతుంది. వాడివైపు చూడకు. నీ సూపర్‌వైజర్ని తలుచుకో."

ఆమె సూపర్‌వైజర్ని తలుచుకుంది. రెక్సిను వృథా చేశావంటూ అందరి ముందూ ముక్కలు ఎత్తి చూపించిన రోజును తలుచుకుంది.

"ఇంకాస్త తక్కువ."

సాక్సు, మంచం కింద బంతి తలుచుకుంది. అత్తగారు తల ఊపి పిల్లను దోసిట్లో పెట్టింది.

భర్త డబ్బాలు దించాడు. ఎండు క్యారెట్టు, పప్పు, బియ్యం కలిపి మెత్తగా ఉడికించి, ఇంత నూనె వేసి బాలింతకు పెట్టాడు. ఆ అమ్మాయి రెండు చేతులతో తింది. మళ్ళీ పెట్టాడు. సాయంత్రానికి నాలుగు చుక్కలు పాలు పడ్డాయి. వాటిని దూది ఒత్తితో పిల్ల నోట్లో పెట్టారు. సీట్లావిడ అలిసిపోయి ఒరిగినప్పుడు, ఆమె చేత వేడెక్కించిన ఉప్పు డబ్బాలను పాత చీరల్లో చుట్టి పిల్ల చుట్టూ సర్దేవాళ్ళు. ఉప్పు చాలాసేపు వేడి పట్టి ఉంచేది. కానీ మొత్తం మీద దోసిలే దోసిలి. పిల్ల ఒంటికి రంగు వచ్చేది ఆ దోసిట్లోనే.

మర్నాడు పొద్దున కష్టం వచ్చింది. బావగారికి కూడా ఒక పళ్ళెంలో అన్నం పెట్టారు. ఆయన తింటూ తింటూ మెట్ల వైపు గది తలుపు సందులోంచి అలమరను చూశాడు. వరసగా డబ్బాలు, చుట్టూ మైనం, పైన కూతురి వంకర అక్షరాలు. చేతిలో ముద్ద పళ్ళెంలో పడేసి భోరున ఏడ్చాడు. తెల్లటి మీసం మీదుగా కన్నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు. "నేను మీకు ఒక్క శేరు బియ్యం..." అని మాట పూర్తి చెయ్యలేకపోయాడు.

సీట్లావిడ ఆయన వైపు చూసింది. ముసలాడైపోయాడు అనిపించింది. కొట్టు పోయింది, ఒళ్ళంతా బురద, చెప్పులు కూడా లేవు. ఆమె భుజాలు సడలాయి.

"పిన్నీ," అంది బాలింత. "దాని పెదాలు మళ్ళీ నల్లబడుతున్నాయి."

అత్తగారు కర్ర అందుకుని పెద్దకొడుకు మోకాలి మీద ఒక్కటిచ్చింది. "ఏడవకురా. నువ్వు ఏడిస్తే నీ మరదలికి జాలి వస్తోంది. నీ మామూలు మాటలు మాట్లాడు."

"ఏం మాట్లాడనమ్మా?"

"కిందటేడు మాట్లాడలేదూ, అవే."

ఆయన కళ్ళు తుడుచుకుని, తల్లి ముఖం చూసి, మనవరాలి వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "ముందే మాటిచ్చాను," అన్నాడు నీరసంగా. "మాట తప్పితే మార్కెట్లో పేరు పోతుంది."

"గట్టిగా చెప్పు. ఆ రోజు ఇంత సిగ్గుపడుతూ చెప్పలేదు నువ్వు."

"వ్యాపారమన్నాక అన్నీ చూసుకోవాలి," అన్నాడు గట్టిగా. "చుట్టాలకని తీసిస్తే వీధంతా క్యూ కడుతుంది. నేను మీకు చెడు చెయ్యలేదు. నా సరుకు నేను అమ్ముకున్నాను. ఇప్పుడు కాకపోతే రేపు వంతెన తెరుస్తారు, నాలుగు రోజులు ఓర్చుకోలేరా?"

సీట్లావిడ మెడ నరాలు లేచాయి. దోసిట్లో పిల్ల పెదాలు మెల్లగా గులాబీ రంగుకు తిరిగాయి.

ఆ రోజంతా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. మాట్లాడటం ఆపితే తల్లి కర్ర ఎత్తేది. తనే ఒకప్పుడు నమ్మిన మాటలు, నమ్మకంగా నలుగురికీ చెప్పుకున్న మాటలు, ఆకలి తీర్చినవాళ్ళ ఇంట్లో కూర్చుని, వాళ్ళ కళ్ళలోకి చూస్తూ మళ్ళీ మళ్ళీ చెప్పాలి. ప్రతిసారీ ఆ మాటలు ఆయన నోట్లో కొంచెం చేదెక్కేవి. మధ్యాహ్నానికి సాకులన్నీ అయిపోయాయి. చెప్పిందే చెబుతుంటే వేడి తగ్గుతోంది.

అప్పుడు తమ్ముడు పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి అన్న ఎదురుగా కూర్చున్నాడు. గొంతు ఎప్పటిలా మెత్తగా లేదు. "ఆ రోజు నేను సంచీ పట్టుకుని వచ్చినప్పుడు లోపల ఎన్ని బస్తాలున్నాయి?"

"ఇప్పుడదెందుకురా..."

"ఎన్ని?"

"నిండుగా ఉన్నాయి," అన్నాడు అన్న.

"పక్కవీధి వడ్రంగి వచ్చి గొడవ చేస్తే సగం బస్తా ఇచ్చావని తర్వాత విన్నాను. నాకెందుకు లేదన్నావు?"

ఆయన తమ్ముడి మీంచి చూపు తిప్పి కిటికీ వైపు చూశాడు. ఈసారి తల్లి కర్ర ఎత్తలేదు. వాన కిటికీ రేకు మీద కొడుతోంది.

"నువ్వు గొడవ చెయ్యవు కాబట్టి," అన్నాడు చివరికి. "బయటివాడికి లేదంటే తగువుకొస్తాడు, షట్టరు పగలగొడతాడు. తమ్ముడికి లేదంటే సంచీ మడుచుకుని వెళ్ళిపోతాడు. ముందు మీకే లేదనడం సులువు. అందుకే అన్నాను. మీ అమ్మాయి నెత్తిన చెయ్యి వేసి బిస్కెట్టు ఇచ్చే చేత్తోనే షట్టరు దించాను. మీరు పస్తులుంటారని తెలుసు. తెలిసే దించాను."

అది సాకు కాదు. అందుకే ఏ సాకుకూ లేనంత వేడి పుట్టించింది. అత్తగారు చప్పున పిల్లను లాక్కుంది. సీట్లావిడ చేతులు పక్కనున్న నీళ్ళ బిందెలో ముంచితే, బిందెడు నీళ్ళూ తెర్లాయి. గదంతా ఆవిరి కమ్మింది. ఆ ఆవిరిలో తమ్ముడి గొంతు వినిపించింది. "ఇప్పుడు తగువు పెట్టుకుంటాను అన్నయ్యా. బతికున్నంత కాలం పెట్టుకుంటాను."

ఆమె ఆవిరిలోంచి భర్త వైపు చూసింది. తర్వాత చేతులు చీరకు తుడుచుకుని పిల్లను ఇమ్మని దోసిలి పట్టింది. ఆ వేడి సన్నగా, నిలకడగా ఉంది. ఇంకెవరూ ఏమీ మాట్లాడాల్సిన అవసరం రాలేదు. వరద వడి తగ్గి పడవలు వచ్చేదాకా ఆ వేడి అలాగే ఉంది.

పడవలో ఆసుపత్రికి వెళ్ళిన పిల్ల బతికింది. బుగ్గలు నిండి, పిడికిళ్ళు ఆడిస్తూ ఇంటికి తిరిగొచ్చింది. బావగారు బురద కడిగి కొట్టు తెరిచాడు. అంతకుముందు, వాళ్ళింటి నుంచి వెళ్ళేటప్పుడు మరదలి గుమ్మంలో నిలబడి, "తప్పయిపోయిందమ్మా, క్షమించు," అన్నాడు. "క్షమించను," అంది సీట్లావిడ. ఆయన తల ఊపి మెట్లు దిగాడు.

కానీ ఆ పిల్లతో ఒక చిక్కు వచ్చింది. జోల పాడితే నిద్రపోదు. ఊయల ఊపితే కళ్ళు పెద్దవి చేసి చూస్తుంది. ఎత్తుకుని ముద్దుగా మాట్లాడితే గుక్కపట్టి ఏడుస్తుంది. వాళ్ళమ్మకు కంటి మీద కునుకు లేక మనిషి సగమైపోయింది. ఒకరోజు కొట్టు దగ్గర ఎవరో ఇద్దరు తగువులాడుకుంటుంటే, ఆ అరుపుల మధ్య పిల్ల హాయిగా నిద్రపోవడం చూశారు. తగువు ఆగగానే లేచింది.

ఆ సాయంత్రం సీట్లావిడ డిపో నుంచి వచ్చేసరికి బావగారు గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో మనవరాలు, ఏడ్చి ఏడ్చి ముఖం ఎర్రగా కమిలిపోయి ఉంది. ఆమె ఆయన్ని దాటి లోపలికి వెళ్ళి, చేతులు కడుక్కుని, తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా పీట వేసుకుంది.

"అవును బావగారూ," అంది. "హాస్టలు వాళ్ళకి మాటిచ్చినప్పుడు, మా ఇంట్లో ఏడేళ్ళ పిల్ల ఉందని మీకు గుర్తొచ్చిందా?"

"రాలేదమ్మా," అన్నాడాయన.

"ఎందుకు రాలేదు?"

ఆయన ఒళ్ళో పిల్ల ఒకసారి ఆవులించి, పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆయన కదలకుండా కూర్చుని, అడిగిన దానికి గొంతు తగ్గించకుండా జవాబు చెప్పడం మొదలుపెట్టాడు.